ఒక సూతు ఎక్కువైన రెక్క

బెల్లంపల్లిలో వడ్ల గట్టయ్య ప్రతి పొద్దున వర్క్‌షాపు ఏడింటి కూతకు ముందే స్నానం ముగించి దేవుని గూటి ముందు నిలబడేవాడు. దీపం వెలిగించి, విశ్వకర్మ పటానికి రెండు గన్నేరు పూలు పెట్టి, అదే గూట్లోంచి రెండు స్కేళ్లు తీసేవాడు. రెండూ అడుగు స్కేళ్లే. ఒకటి కర్రది, ఒకటి ఉక్కుది. పాత ధోవతి గుడ్డతో ఒక్కోదాన్నీ తుడిచి, కళ్లకు అద్దుకుని, పక్కపక్కన ఆనించి ఒకసారి చూసుకునేవాడు. తర్వాత కర్రది మళ్లీ గూట్లోకి పోయేది. ఉక్కుది సద్దిగిన్నెతో పాటు గుడ్డసంచిలో చేరి వర్క్‌షాపుకు పోయేది.

"దేవునికి మొక్కుతున్నవా, స్కేలుకు మొక్కుతున్నవా?" అని భార్య దుర్గవ్వ పొయ్యి దగ్గరి నుంచే అడిగేది.

"రెండిటికి. దేవుడు తప్పు జేస్తె మాఫ్ జేస్తడు. స్కేలు జెయ్యది."

ఆ రెండు స్కేళ్లనూ పక్కపక్కన పెడితే తేడా కంటికి కనబడేది. రెండిటి మీదా పన్నెండు అంగుళాల గీతలే ఉంటాయి. కానీ ఉక్కుది కర్రదాని కన్నా ఒక సూతు పొడుగు. సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. అది దుకాణంవాడి మోసం కాదు, పనిలో అవసరం. గనుల్లో పంపు మూత పగిలినా, బొగ్గు టబ్బు చక్రం విరిగినా, కొత్తది పోత పోయాలంటే ముందు గట్టయ్య దాన్ని కట్టెతో చెయ్యాలి. ఆ కట్టె అచ్చును పోతపని చేసే హనుమండ్లు ఇసుకలో దించి, నలువైపులా కూరి, మెల్లగా పైకి తీస్తాడు. మిగిలిన గుంతలో కరిగిన ఇనుము పోస్తారు. ఇనుము చల్లారేటప్పుడు అడుగుకు ఒక సూతు చొప్పున ముడుచుకుంటుంది. అందుకని అచ్చును ముందే ఆ మేరకు పెద్దగా చెయ్యాలి. ప్రతిసారీ లెక్క కట్టుకోనక్కర లేకుండా స్కేలునే సాగదీసి తయారు చేస్తారు. దాన్ని పోత స్కేలు అనేవారు.

రెండు స్కేళ్లూ ఒకే సంచిలో ఉంటే ఏనాటికైనా ఒకదాని బదులు ఇంకోటి చేతికొస్తుందని సికింద్రాబాదులో పని నేర్పిన మేస్త్రి చెప్పాడు. అప్పటి నుంచీ గట్టయ్యకు అదొక నియమం. సాదా కర్ర స్కేలు ఇల్లు దాటదు. పోత స్కేలు ఇంట్లో ఏ చెక్క మీదా ఆనదు. పక్కింటివాళ్ల ఊయల కొయ్యకు కొలత తియ్యాలన్నా దారంతో కొలుచుకొని వచ్చి ఇంట్లో స్కేలు మీద పరిచేవాడు గాని స్కేలును బయటికి తీసుకుపోయేవాడు కాదు. ఆ ఇంటివాళ్లు నవ్వుకునేవాళ్లు. నవ్వుతూనే ఆయనకు ఒక గ్లాసు చల్ల ఇచ్చి పంపేవాళ్లు.

గట్టయ్య పుట్టింది చొప్పదండి దగ్గర ఒక చిన్న ఊళ్లో. తండ్రి నాగళ్లు, బండి చక్రాలు చేసేవాడు. గట్టయ్య సికింద్రాబాదు పోయి అచ్చుపని నేర్చుకున్నాడు. అప్పుడే పెద్ద యుద్ధం వచ్చింది. ఫ్యాక్టరీ పనుల్లో తర్ఫీదు ఇవ్వడానికి ఇక్కడి పడుచు పనివాళ్లను కొందరిని ఇంగ్లండుకు పంపుతున్నారు. ఆ జాబితాలో గట్టయ్య పేరు కూడా వచ్చింది. ఓడ ఎక్కేటప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్లు. దుర్గవ్వ అప్పటికి కాపురానికి వచ్చి ఏడాది కూడా కాలేదు.

డార్లింగ్టన్ అనే ఊళ్లో ఆయనకు బస దొరికింది. ఇల్లుగలావిడ మిసెస్ హార్కర్ విధవరాలు. గట్టయ్య మాంసం ముట్టడని తెలిసి, రేషను కాలంలో కూడా ఆమె ఆలుగడ్డలు ఉడకేయడానికి ఒక గిన్నె వేరుగా కేటాయించింది. ఆ గిన్నెలో ఇంకేదీ వండకుండా మూత మీద తెల్లదారం కట్టి ఉంచింది. ఆమె మతం వేరు, దేశం వేరు. అయినా ఒక మనిషి నియమాన్ని గౌరవించడం ఆమెకు ఎవరూ నేర్పనక్కర లేకపోయింది.

ఆమె అక్క పెళ్లి చేసుకుని ఎప్పుడో కెనడా దేశం పోయింది. ఆ అక్క కొడుకు వాల్టర్ టేట్ యుద్ధంలో చేరి, ఆ ఊరి పక్కనే ఉన్న విమానాల మైదానానికి వచ్చాడు. సెలవు దొరికిన ఆదివారం పినతల్లి ఇంటికి భోజనానికి వచ్చేవాడు. ఇరవై రెండేళ్ల పిల్లవాడు. పొడుగ్గా, నవ్వుమొహంతో ఉండేవాడు. వాళ్ల నాన్న కూడా వడ్లపని చేసేవాడట. ఇంకేం కావాలి? గట్టయ్యకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో ఇద్దరూ కట్టె గురించి మాట్లాడుకునేవాళ్లు. మాటలు చాలకపోతే బల్ల చెక్కను గోటితో గీకి చూపించుకునేవాళ్లు.

వాల్టర్ ఎక్కేది లాంకాస్టర్ అనే బాంబరు విమానం. నాలుగు ఇంజన్లు, ఏడుగురు మనుషులు. ఆ మైదానంలోని విమానాలు కెనడాలోనే తయారై వచ్చాయని, మా ఊళ్ల ఆడపిల్లలే వాటికి రివెట్లు కొట్టారని అతను గొప్పగా చెప్పుకునేవాడు. అతని కుర్చీ తోక చివర, ఒక గాజు బుడగలో. మిగతా ఆరుగురూ పోయే దిక్కు చూస్తుంటే, అతను ఒక్కడే వచ్చిన దిక్కు చూస్తూ తుపాకి పట్టుకుని కూర్చోవాలి.

ఒక ఆదివారం వాల్టర్ గట్టయ్యను ఒక పని అడిగాడు. "మా అమ్మ ఉత్తరాల్లో అదే రాస్తుంది. నేను ఎక్కేది గాలిపటం లాంటిది అనుకుంటుంది. నిద్రపోదట. నువ్వు కట్టెతో దాని నమూనా ఒకటి చేసిస్తే పంపుతాను. ఎంత గట్టి బండో కళ్లారా చూసుకుంటే ధైర్యపడుతుంది." అలాంటి కొలతలు అక్కడ ఎవరినీ అడగకూడదు. కాబట్టి విమానం చుట్టూ తన బూట్లతో అడుగులు వేసి లెక్కపెట్టి, ఒక కాగితం మీద పెన్సిలుతో బొమ్మ గీసి తెచ్చాడు. రెక్క ఒక్కోటి నలభై ఎనిమిది అడుగులు. మధ్యలో ఒడలు, అంటే విమానం మొండెం, వెడల్పు ఆరు. చివర తోక మీద ఒక సున్నా చుట్టి, అందులో తన పేరులోని మొదటి అక్షరం రాశాడు. కాగితం వెనక తల్లి చిరునామా.

గట్టయ్య వచ్చే ఆదివారం మొదలుపెడతానన్నాడు. ఆ ఆదివారం నాటికి ఆయనకు పని పరీక్ష దగ్గరపడింది. వచ్చే వారం అన్నాడు. ఆ వారం దొరికిన చెక్కలో ముడి ఉంది. ముడి ఉన్న చెక్కతో ఒక తల్లికి వస్తువు చెయ్యడం ఆయనకు ఇష్టం లేకపోయింది. మంచిది వెతుకుతానని, ఇంకో వారం ఆగమన్నాడు. మూడో ఆదివారానికి మంచి చెక్క దొరికింది. దుంగను సాపు చేసి, గీతలు గీసి, ఆయన బల్ల దగ్గర కూర్చున్నాడు. మిసెస్ హార్కర్ వాల్టర్ కోసం తీసిన పళ్లేన్ని తుడిచి మళ్లీ బీరువాలో పెట్టేసింది. అంతకు మూడు రోజుల ముందు పోయిన ఆ విమానం తిరిగి రాలేదు.

గట్టయ్య యుద్ధం అయిపోయాక తిరిగొచ్చాడు. కొన్నాళ్లు సొంతూళ్లో బండి చక్రాలు చేశాడు. రజాకార్ల గొడవల్లో ఊరు ఖాళీ అయినప్పుడు దుర్గవ్వను వెంటబెట్టుకుని ఆసిఫాబాద్‌లో ఆమె మేనమామ ఇంటికి నడిచాడు. అప్పుడు ఆయన మోసింది ఒక రేకు పెట్టె. అందులో పని సర్టిఫికెట్టు, రెండు స్కేళ్లు, ఆ పెన్సిలు కాగితం. దారిలో ఒక గోండు ముసలవ్వ వాళ్లను తన గుడిసెలో కూర్చోబెట్టి జొన్న గటక పెట్టింది. పేరు అడిగితే నవ్విందే తప్ప చెప్పలేదు. నలభై ఎనిమిదిలో గొడవ సద్దుమణిగాక బెల్లంపల్లి వచ్చి బొగ్గు కంపెనీ వర్క్‌షాపులో చేరాడు. కూతురు బాలలక్ష్మి ఇక్కడే పుట్టి, పెరిగి, చొప్పదండికి కోడలై పోయింది.

విమానం మాత్రం చెయ్యలేదు. ఏం ముఖం పెట్టుకుని చెయ్యాలి? తల్లికి ధైర్యం కోసం అడిగిన వస్తువు అది. కొడుకే పోయాక ఆమెకు ఏ ధైర్యం పంపాలి? పెత్రమాస నాడు తండ్రి, తాతల పేర బియ్యం ఇస్తూ పంతులుతో వాల్టర్ పేర కూడా ఒక విస్తరి పెట్టించేవాడు. మొదటి ఏడు పంతులు గోత్రం అడిగాడు.

"ఎరుకలేదు అయ్యగారు. కట్టెపని జేసేటోల్ల పిలగాడు. మా దాంట్లనే కలుపుండ్రి."

ఆ పంతులు మంచివాడు. కలిపేశాడు. ప్రతి ఏడూ కలుపుతూనే వచ్చాడు.

మిసెస్ హార్కర్ క్రిస్మస్ పండుగకు ఒక కార్డు పంపేది. దాన్ని చదివి చెప్పేది పోస్టుమాస్టరు రామచంద్రం. బదులు రాసేదీ ఆయనే. అరవై ఆరు ఎండాకాలం చివర, పండుగ కాకుండానే ఆమె దగ్గరి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రామచంద్రం అద్దాలు సవరించుకుని చదివాడు.

"మా అక్కకు చూపు మందగిస్తోంది. ఈ చలికాలం దాటితే వెలుగూ చీకటీ తప్ప మరేమీ తెలియదని డాక్టరు చెప్పాడు. పోయిన నెల రాస్తూ, నా కొడుకు దేంట్లో కూర్చున్నాడో నేను చూడనే లేదు, ఫోటోలు చూపిస్తారు గాని అందులో అన్నీ నల్ల మరకలే కనబడతాయి, అని రాసింది. నీకు వాల్టర్ జ్ఞాపకం ఉన్నాడు కదా అని ఇది నీకు రాస్తున్నాను."

గట్టయ్య ఉత్తరం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "సారూ, గా కెనడా దేశానికి పార్సెలు పోవాలంటె ఎన్ని దినాలు పడ్తది?"

"ఓడ మీద మూడు నెలలనుకో. వినాయక చవితి దాటినంక సోమవారం నాడు ఇక్కడి నుంచి బొంబాయి టపా సంచి పోతది. అది తప్పితె ఇంకొక నెల ఆగాలె. ఏం పంపుతవు?"

"బాకీ ఉన్న సారూ," అన్నాడు గట్టయ్య.

ఆ సాయంత్రమే రేకు పెట్టె తెరిచాడు. అడుగుకు పావు అంగుళం చొప్పున లెక్క కట్టాడు. నలభై ఎనిమిది అడుగుల రెక్క పన్నెండు అంగుళాలు అవుతుంది. నిర్మల్ బొమ్మలు చేసే పొణికి కట్టె తెప్పించాడు. గోరు గుచ్చితే దిగేంత మెత్తన, చేతిలో ఉన్నట్టే ఉండదు. ఒడలు, తోక, ఎడమ రెక్క వాకిట్లో చాప వేసుకుని, పని నుంచి వచ్చాక పొద్దు గూకే దాకా చెక్కాడు. గరుకు కాగితంతో కాదు, ఎండిన బొడ్డు మేడి ఆకుతో రుద్ది నున్నగా చేశాడు. అది తండ్రి నేర్పిన పద్ధతి.

దుర్గవ్వకు సంగతంతా తెలుసు. అయినా నోరు ఊరుకునేది కాదు. నల్లరంగు కోసం ఆయన బొగ్గు పొడి కావాలంటే, ఆమె తన రోట్లోనే దంచి పెట్టింది.

"కారం దంచే రోట్ల బొగ్గు దంచవడ్తి. రేపు పప్పు నల్లగయితె నన్ను అనకు, బాలలక్ష్మి బాపూ."

"అననుతియ్."

"అనకుంట ఉన్నవా, ఎన్నడన్న? గాయింత బొగ్గు బెల్లంపల్లి నుంచి పైసలియ్యకుండ దేశం దాటుతున్నది. కంపెనోల్లు వట్టుకుంటె నా పేరు చెప్పకు."

వార్నిషులో ఆ పొడి కలిపి పొట్ట కింద పూస్తే, రాత్రిపూట ఎగిరే విమానానికి ఉండే అసలు నలుపు వచ్చింది. చక్రాలకు పాత వానకోటు గుండీలు సరిపోయాయి. గాజు బుడగ దగ్గరే పని ఆగింది. ఆసుపత్రి కాంపౌండరును అడిగితే, పారేసే ఎక్స్‌రే రేకు ఒకటి ఇచ్చాడు. వేడినీళ్లలో కడిగితే లోపలి బొమ్మ పోయి గాజులా అవుతుంది. గట్టయ్య దాన్ని ఎత్తి వెలుగులో చూశాడు. ఎవరివో పక్కటెముకలు.

"గీయన మంచిగున్నడా?" అని అడిగాడు.

"ఓదెలు సర్దారు. దుక్కలాగున్నడు. పెన్షను దీస్కొని శ్రీరాంపూర్‌ల కొడుకు దగ్గెర ఉంటుండు," అన్నాడు కాంపౌండరు.

బతికున్న మనిషిదే అని తెలిశాక గట్టయ్య మనసు కుదుటపడింది. ఆ మనిషి చల్లగా ఉండాలని ఒక మాట అనుకుని రేకును నీళ్లలో వేశాడు. గుండ్రటి కొయ్య మీద ఆ రేకును వేడిగా నొక్కితే తోకకు బుడగ తయారైంది. దాని లోపల ఒక బియ్యపు గింజ కన్నా కాస్త పెద్ద కుర్చీ పెట్టాడు. కుర్చీని వెనక్కి తిప్పి పెట్టాడు.

శ్రావణమాసంలో ముసురు పట్టింది. వాకిట్లో పని సాగలేదు. ఇంట్లో కూర్చుందామంటే కప్పు కారుతోంది. ఫోర్మన్‌ను అడిగితే, తిండి గంటలో నీ బల్ల మీద చేసుకోమన్నాడు. కుడి రెక్కకు ఉంచిన చెక్కనూ కాగితాన్నీ గుడ్డసంచిలో వేసుకుపోయి, వారం రోజులు సద్ది తినగానే చెక్కాడు. హనుమండ్లు ఇసుక చేతులు దులుపుకుంటూ వచ్చి పక్కన గొంతుకూర్చునేవాడు. ఆ ఇద్దరికీ చుట్టరికం లేదు. బావా అంటే బావా అని పిలుచుకునేవాళ్లు.

"బావా, గిది ఎగురుతదా?"

"ఎగరది."

"మరి బాంబులేస్తదా?"

"వెయ్యది. దాని కడుపుల ఏం లేదు. నేను పెట్టలే."

"ఎగరది, బాంబులెయ్యది. మన ఫోర్మన్ లెక్కనే ఉన్నదన్నట్టు!"

గట్టయ్య నవ్వి చేతి పని ఆపాడు. నవ్వుతున్నప్పుడు ఉలి పట్టకూడదని ఆయన భయం.

చవితి పోయింది. రెక్కలు అతికించాడు, రంగులు వేశాడు, ఆరబెట్టాడు. శనివారం సాయంత్రానికి విమానం పూర్తయింది. ఆదివారం పొద్దున వాకిట్లో కూర్చుని టేకు పలకలతో పెట్టె బిగించాడు. రెక్కల కొనలు కదలకుండా రెండు పక్కలా గాడి తీశాడు. మధ్యలో బూరుగు దూది పరిచాడు. హనుమండ్లు చూడడానికి వచ్చాడు. దుర్గవ్వ ముగ్గురికీ చాయ్ పోసింది.

గట్టయ్య విమానాన్ని రెండు చేతులతో ఎత్తి పెట్టెలో దించాడు. ఎడమ రెక్క గాడిలో కూర్చుంది. కుడి రెక్క కూర్చోలేదు. గాడి అంచు మీద ఆగిపోయింది.

"రంగు మందమైందేమొ," అన్నాడు హనుమండ్లు.

గట్టయ్య లేచి గూట్లోంచి కర్ర స్కేలు తెచ్చాడు. ఎడమ రెక్క మీద పెట్టాడు. పన్నెండు అంగుళాలు. కుడి రెక్క మీద పెట్టాడు. పన్నెండు దాటి ఒక సూతు.

ఆయనకు వెంటనే అర్థమైంది. వర్క్‌షాపు బల్ల మీద ఉండేది ఒక్క పోత స్కేలే. సాదా స్కేలును ఇల్లు దాటించకూడదని తనే పెట్టుకున్న నియమం. కాగితం మీద పన్నెండు అని ఉంటే, పద్దెనిమిదేళ్లుగా ఆ బల్ల దగ్గర ఏ స్కేలు అందుకుంటున్నాడో దాన్నే అందుకున్నాడు. చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు. రెక్క పొడుగే కాదు, వెడల్పు కూడా ఆ లెక్కనే పెరిగింది.

హనుమండ్లుకు కూడా అర్థమైంది. ముందు పెద్దగా నవ్వాడు. "ఏం బావా, కట్టె గూడ సల్లారితె ముడుసుకుంటదనుకున్నవా? నేనేమన్న దాన్ని ఇసుకల దించి ఇనుము వోస్తనా?" గట్టయ్య మొహం చూశాక నవ్వు ఆపేశాడు. "ఊకో బావా. ఒక్క సూతే గదా. ఎవ్వలకు కనవడ్తది?"

"కండ్లు కనవడనోల్లు చేతులతోటి చూస్తరు. చేతికి సూతు దొర్కుతది. నీకు తెల్వదా? ఇసుకల సూతు తేడా నువ్వు చేత్తోనే వడ్తవు."



గట్టయ్య విమానాన్ని చాప మీద పెట్టి, కుడి రెక్క మొదట్లో బొటనవేలు ఆనించి చూశాడు. అతికించిన సరేసు గట్టిపడింది. వేడినీళ్లతో తడిపితే ఊడుతుంది గాని, ఒడలు మీది రంగు పోతుంది. కొత్త రెక్క చెక్కాలి, అతికించాలి, మళ్లీ రంగు. పని నుంచి వచ్చాక చేసుకుంటే ఎనిమిది రోజులు.

"ఇగ రేపటి సంచికి కాదు. వచ్చే ఆయితారం వరకు మంచిగ జేస్త. ఆ తర్వాతి నెల సంచిల పోతది," అన్నాడు.

దుర్గవ్వ చాయ్ గ్లాసులు ఏరుతోంది. గ్లాసులు చేతిలోనే పట్టుకుని ఆయన వంక చూసింది. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు.

"బాలలక్ష్మి బాపూ, గా పిలగానికి గూడ గిట్లనే జెప్పినవు గదా? వచ్చే ఆయితారం అని."

దూరంగా బొగ్గు రైలు డబ్బాలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు వినిపించింది. గట్టయ్య చాప మీద అలాగే కూర్చుండిపోయాడు. ఇరవై రెండేళ్ల కింద తను వెతికింది ముడి లేని చెక్క కోసం. చెక్క దొరికింది, మంచి చెక్క. ఆ చెక్క మీద గీసిన గీతలు అలాగే ఉండిపోయాయి. ఆ తల్లికి నిద్ర లేని రాత్రుల్లో ఒక్కటైనా తగ్గించగలిగేవాడేమో. ముడి ఉన్న చెక్క అయితే ఆమె వద్దని ఉండేదా?

హనుమండ్లు ఏదో అనబోతే దుర్గవ్వ కళ్లతోనే ఆపింది.

కొంతసేపటికి గట్టయ్య లేచి ఉలి, కొయ్యసుత్తి అందుకున్నాడు. దుర్గవ్వ గ్లాసులు కింద పెట్టేసింది. ఆయన రెక్క దగ్గరికి పోలేదు. పెట్టెను దగ్గరికి లాక్కుని, కుడివైపు గాడి మీద స్కేలు పెట్టి, ఒక సూతు దూరంలో గీత గీశాడు. టేకు పలకను ఆ గీత దాకా చెక్కాడు. పొడి ఊది, విమానాన్ని మళ్లీ దించాడు. రెండు రెక్కలూ కూర్చున్నాయి.

"గంతే," అన్నాడు.

"గంతే," అన్నాడు హనుమండ్లు కూడా. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే మూతకు మరలు బిగించడానికి కూర్చున్నాడు.

గట్టయ్య మిగిలిన టేకు ముక్కతో ఇంకో చిన్న వస్తువు చేశాడు. అడుగుకు కాస్త ఎక్కువ పొడుగున్న ఒక సన్నని పుల్ల. గూట్లోని సాదా స్కేలు పక్కన పెట్టి, అంగుళానికొక లోతు గాటు, సూతుకొక సన్న గాటు పెట్టాడు. లోతు గాట్లనూ, వాటి తర్వాతి చివరి సన్న గాటునూ కళ్లు మూసుకుని బొటనవేలి గోటితో లెక్కపెట్టుకున్నాడు. పన్నెండు. ఇంకొకటి. సరిపోయింది. దాన్ని దూదిలో, తోక పక్కన పెట్టాడు.

సోమవారం పొద్దున స్కేళ్లను తుడిచి, మొక్కి, పెట్టెను భుజాన పెట్టుకుని పోస్టాఫీసుకు పోయాడు. పనికి గంట ఆలస్యంగా వస్తానని ఫోర్మన్‌కు హనుమండ్లుతో చెప్పి పంపాడు. రామచంద్రం అసలు వేళకు ముందే తలుపు తీసి కూర్చున్నాడు. కస్టమ్స్ కాగితంలో లోపల ఏముందో రాయాలి. ఆయన కలం ఆపి తలెత్తాడు.

"బాంబరు విమానం అని రాస్తె బొంబాయిల పెట్టెను అడ్డంగ కోస్తరు గట్టయ్యా. కట్టె బొమ్మ అని రాస్త. అబద్ధం గాదు గదా?"

"కాదు సారూ. కట్టె బొమ్మనే."

"ఉత్తరం జెప్పు."

గట్టయ్య కిటికీ చువ్వ పట్టుకుని చెప్పాడు. ఆయన తెలుగులో చెబుతుంటే రామచంద్రం ఇంగ్లీషులో రాసుకుంటూ పోయాడు. ఈ వస్తువు మీకు పంపమని మీ కొడుకే అడిగాడు. మీరు నిద్రపోవడం లేదని అడిగాడు. అతను ఆలస్యం చెయ్యలేదు, కాగితం మీద కొలతలు గీసి వెంటనే ఇచ్చాడు. ఆ కాగితం ఇందులో పెడుతున్నాను. పెన్సిలు అతనిదే. ఆలస్యం చేసింది నేను. వచ్చే వారం, వచ్చే వారం అన్నాను. తోక చివర గాజు బుడగ ఉంటుంది. అందులో వెనక్కి తిరిగి ఉన్న కుర్చీ అతనిది.

రామచంద్రం ముక్కు మీది అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "ఇంకా?"

"కుడి రెక్క ఒక సూతు పొడుగున్నదని రాయుండ్రి. తప్పు నాదేనని. చలిదేశం గదా, ఆడ ఏమన్న ముడుసుకుంటదేమొ చూడాలె."

"కట్టె గట్ల పొడుగుల ముడుసుకుంటదా?"

"ముడుసుకోది సారూ. పొడుగుల ఎన్నడు ముడుసుకోది."

"మరి?"

"రాయుండ్రి."

రామచంద్రం కలాన్ని మళ్లీ సిరాలో ముంచాడు. గట్టయ్య ఒక్కో మాటా నిలిపి నిలిపి చెప్పాడు. "తోక పక్కన గాట్లు వెట్టిన పుల్ల ఒకటి ఉన్నది. చూపు లేకున్న వేలితోటి లెక్కవెట్టొచ్చు. అది సాదా కొలతనే, పోత కొలత కాదు. అమ్మా, మీకు కష్టం గాకుంటె, ఏడాదికొక్కపారి ఆ పుల్లతోటి కుడి రెక్కను మీ చేతులతోటే కొలువుండ్రి. ఎన్ని గాట్లు వచ్చినయో ఎవరితోనన్న నాకు రాయించుండ్రి."